ముప్ఫై ఎనిమిదో తూము కూర్పు వివరాలు

పరాంకుశం తన పేరును ఒక యంత్రంలో పెట్టుకున్నది ఒక ఆదివారం నాడు. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చింది మొదలు ఆ క్షణం దాకా అతను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకూడదని కాదు. మాట్లాడవలసిన అవసరమేదీ అతన్ని వెతుక్కుంటూ రాలేదు. పాల ప్యాకెట్టు గుమ్మానికి వేలాడదీసిన సంచిలోకి దానంతటది వచ్చి పడింది. కర్రీ పాయింటు ఆయన అతన్ని చూడగానే, అడక్కుండానే, పప్పూ దొండకాయ వేపుడూ కట్టి చేతికిచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి పరాంకుశానికి ఒక అనుమానం వచ్చింది. తను ఉన్నాననడానికి దాఖలా ఏమిటి?

అది బాధేమీ కాదు. నలభై ఒకటో ఏట ఒంటరి మనిషికి అలాంటి అనుమానాలు ఆవలింతల్లాగా వచ్చిపోతూ ఉంటాయి. కాకపోతే ఆ రోజు అది వచ్చిన సమయానికి అతని ముందు కంప్యూటరు ఉంది. అందులో మేక్‌ఫైలు తెరిచి ఉంది.

పరాంకుశం పనిచేసేది తూముల స్వయంచాలన కేంద్రంలో. డెల్టాలో ఒక పంట కాలవ మీది ముప్ఫై ఎనిమిది తూములకూ మోటార్లు బిగించి, పక్కన ఒక్కో ఇనప పెట్టె నిలబెట్టి, పెట్టెలోని చిన్న చిప్పులో అతను రాసిన ప్రోగ్రామును ఎక్కించారు. ఏ రోజు ఏ ఊరి నీటి వంతో చూసుకుని తలుపు ఎత్తడం, దించడం ఆ ప్రోగ్రాము పని. మేక్‌ఫైలంటే, ఏ ముక్క తరవాత ఏ ముక్క కలిపి ప్రోగ్రాము తయారుచెయ్యాలో, అంటే బిల్డ్ చెయ్యాలో, కంప్యూటరుకి చెప్పే జాబితా. పెళ్ళి వంటవాడు పొయ్యి దగ్గర గోడకి అంటించుకునే కాగితం లాంటిది. పంక్తిలో కూర్చుని తినేవాళ్ళెవరూ దాన్ని చూడరు.

ఆ జాబితాలో పరాంకుశం మూడు వాక్యాలు చేర్చాడు. వాటివల్ల ప్రోగ్రాము తయారైన తేదీ, వేళ, తయారుచేసినవాడి పేరు ప్రోగ్రాము కడుపులోకే వెళ్ళి కూర్చుంటాయి. పెట్టెకి కరెంటు వచ్చినప్పుడల్లా చిన్న తెర మీద మూడు సెకన్లపాటు వెలుగుతాయి.

ఆ ప్రోగ్రాము పెట్టెలన్నిటికీ ఎక్కిన తరవాత కొన్నాళ్ళు, గదిలో ఫ్యాను ఆగి మళ్ళీ తిరిగినప్పుడల్లా అతనికి ఒక గమ్మత్తయిన సుఖం కలిగేది. ఇప్పుడు కాలవ గట్టు మీద ముప్ఫై ఎనిమిది చోట్ల తన పేరు వెలిగి ఆరి ఉంటుంది. చూసేవాళ్ళుండరు. గేదెలుంటాయి, కొంగలుంటాయి. అయినా వెలిగింది కదా అనుకునేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇందులో ఏముంది, పైగా చెప్పడానికి ఎవరున్నారు.

మూడు నెలలకి డైరెక్టరు సుదర్శనమూర్తి గారు పన్నెండో తూము తనిఖీకి వెళ్ళారు. సరిగ్గా ఆయన పెట్టె ముందు నిలబడి ఉండగా కరెంటు పోయి వచ్చింది. తెర మీద పరాంకుశం పేరు వెలిగింది. మర్నాడు పొద్దున్నే పిలుపు వచ్చింది.

పరాంకుశం క్షమాపణని మనసులో మూడు రకాలుగా కూర్చుకుని వెళ్ళాడు. మీ పేరు అక్కడెందుకు ఉందని డైరెక్టరు అడిగారు. ఏ తూములో ఏ బిల్డ్ నడుస్తోందో తెలియడానికండి అన్నాడతను. అది నిజమే. కానీ కారణం అది కాదు. నిజమైన మాటతో అబద్ధం చెప్పడం ఎంత సులువో అతనికి అప్పుడే తెలిసింది.

డైరెక్టరు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఈమధ్యనే సుపరిపాలన మీద పది రోజుల శిక్షణ పొంది వచ్చారు.

"జవాబుదారీతనం," అన్నారు కళ్ళు తెరవకుండానే. "యంత్రం తనంతట తాను జవాబు చెప్పుకోవడం. పరాంకుశం గారూ, మీరు చేసిందేమిటో మీకు తెలియదు."

తనకి బాగా తెలుసుననీ, అందుకే భయంగా ఉందనీ పరాంకుశం అనలేదు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఈ కేంద్రమునందు తయారగు ప్రతి ప్రోగ్రాము తన కూర్పు సమాచారమును తన గర్భమునందే ధరించవలెను. సదరు సమాచారమునందు మార్గదర్శకులు, పర్యవేక్షకులు, ఆమోదించినవారు, కూర్చినవారు అను వరుస పాటింపబడవలెను. ఒకసారి చేర్చబడిన ఉత్తర్వు సంఖ్యను, ఆమోద సంఖ్యను తదుపరి తొలగించుట రికార్డు ధ్వంసముగా పరిగణింపబడును.'

మార్గదర్శకులంటే డైరెక్టరు గారు. ఆయన పేరు, దాని ముందు డాక్టరు, దాని వెనక చదువులు, హోదా, అదనపు హోదా. ఆ కింద పర్యవేక్షక సంఘం తొమ్మిది మంది. అందరికీ గౌరవ వాచకాలు. అధికార భాషా విభాగం వాళ్ళు ఇదంతా ముందు తెలుగులోనే ఉండాలనీ, ఇంగ్లీషు పక్కన ఉంటే అభ్యంతరం లేదనీ రాశారు. ఇంగ్లీషు అక్షరం చిప్పులో ఒక గడి ఆక్రమిస్తే తెలుగు అక్షరం మూడు గడులు ఆక్రమిస్తుంది. గుణింతం ఉంటే ఇంకో మూడు. పరాంకుశం ఆ లెక్క చెప్పబోయాడు. మాతృభాషని గడుల్లో కొలిచే స్థితికి వచ్చామా అని ఆ విభాగం అధికారి బాధపడ్డాడు.

పరాంకుశం పేరు చిట్టచివరికి వెళ్ళింది. తెర మీద మూడు సెకన్లు చాలక నలభై సెకన్లు చేశారు. అప్పటికీ పేర్లు డైరెక్టరు గారి అదనపు హోదా దగ్గర మొదలై సంఘంలో ఆరో సభ్యుడి దగ్గర ఆగిపోయేవి. పరాంకుశం నొచ్చుకోలేదు. నొచ్చుకోలేదని తనకి తాను రెండుసార్లు చెప్పుకున్నాడు. తన ఇంట్లో తనే పిలిచిన చుట్టాలు నిండిపోయి, తను అరుగు మీదకి వచ్చి కూర్చున్నట్టుంది అంతే.

మార్చి ఒకటో తేదీన ఏసుపాదం ఫోను చేశాడు.

ఏసుపాదం చివరి తూము లస్కరు. లస్కరంటే కాలవ తూములు కాచుకునే మనిషి. మోటార్లు వచ్చాక అతనికి మిగిలిన పని పెట్టె మీద పిట్టల రెట్ట తుడవడం, తలుపుకి అడ్డంపడే గుర్రపుడెక్క లాగెయ్యడం. అతను పేరు చెప్పడు.

"సారూ, నేను ముప్ఫయ్యెనిమిదినండి," అన్నాడు. "ఇయ్యాల మా వంతండి. కాలవ నిండుగా ఉందండి. మీ తలుపు లేవలేదండి."

తప్పు ఏమిటో పరాంకుశం పది నిమిషాల్లో పట్టుకున్నాడు. ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు. అతని ప్రోగ్రాము ఇరవై ఎనిమిదే అనుకుంది. కాబట్టి ఏడాదిలో గడిచిన రోజులు దాని లెక్కలో ఒకటి తగ్గి, అక్కణ్ణుంచి ప్రతి వంతూ ఒక రోజు ఆలస్యమవుతోంది. పై తూములవాళ్ళకి ఇబ్బంది లేదు, వాళ్ళ దగ్గర కాలవలో ఎప్పుడూ ఎంతో కొంత నీరుంటుంది. చివరి తూముకి అయిదు రోజులకి ఒకసారి, వంతు రోజున మాత్రమే నీరు చేరుతుంది. ఆ రోజున తలుపు మూసి ఉంటోంది. మర్నాడు, అడుగున బురద తప్ప ఏమీ లేనప్పుడు, తలుపు ఠీవిగా లేస్తోంది.

తప్పు తనది. ఎవరూ పంచుకోలేని తప్పు. తయారుచేసినవాడిగా తన పేరు కూడా దాని లోపలే ఉంది.

దిద్దుబాటు ఒకే ఒక్క వాక్యం. రాసి, బిల్డ్ చేసి, ఆమోదం కోసం నాణ్యతా విభాగానికి తీసుకెళ్ళాడు. అక్కడ అధికారి అమృతవల్లి గారు. నిజాయితీ గల మనిషి. ఆవిడ ప్రోగ్రాము మొత్తాన్ని కంప్యూటరుకి ఇచ్చి, అరవై నాలుగు అక్షరాల వేలిముద్ర తీస్తారు. ప్రోగ్రాములో ఎక్కడ ఒక్క అక్షరం మారినా ఆ వేలిముద్ర మొత్తం మారిపోతుంది. ముద్రని రిజిస్టరులో ఎక్కించి ఆమోద సంఖ్య ఇచ్చారు. ఉత్తర్వు ప్రకారం ఆ సంఖ్యని కూర్పు సమాచారంలో చేర్చి, మళ్ళీ బిల్డ్ చేసి, తూముకి పంపేముందు సరిచూడడానికి తెచ్చాడు పరాంకుశం.

ఆవిడ రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూశారు. సరిపోలలేదు.

సరిపోలవండి అన్నాడు పరాంకుశం. మీరిచ్చిన సంఖ్య లోపల పెట్టాను కదా, అందుకని ముద్ర మారింది అన్నాడు.

ఆవిడ రిజిస్టరు మీద వేలు పెట్టారు. "అంటే నేను ఆమోదించింది ఇది కాదు."

"కాదండి."

"ఆమోదించింది తూముకి పంపాలంటే అందులో సంఖ్య ఉండదు. సంఖ్య ఉన్నదాన్ని నేను ఆమోదించలేదు."

"అవునండి."

"మీరెందుకింత ప్రశాంతంగా ఉన్నారు?" అని అడిగారావిడ, మొదటిసారి అతని మొహంలోకి చూసి.

పరాంకుశం ప్రశాంతంగా లేడు. అతని మొహం ఎప్పుడూ అలాగే ఉంటుంది. దాన్ని కదిలించే అలవాటు పోయింది. సంఖ్యని ఒక కాగితం మీద రాసి పెట్టెకి అంటిస్తే సరిపోతుందేమో అని డైరెక్టరు గారి దగ్గర సూచించాడు. కాగితరహిత కేంద్రంగా మనకి వచ్చిన ప్రశంసాపత్రం ఏమైపోవాలి అన్నారాయన. సమస్య పూర్తిగా విని చిరునవ్వు నవ్వారు. కొత్త ముద్రకి కొత్త ఆమోదం ఇస్తే సరి.

"మిగతా ఆఫీసుల్లోలాగ మన దగ్గర ఫైలు ఆగదు. ఈరోజే ఇచ్చేద్దాం."

అది నిజం. అక్కడ ఫైలు ఆగదు. ఆగి ఉంటే బాగుండేది. రెండో ఆమోదం ఆ సాయంత్రమే వచ్చింది. దాని సంఖ్యని మొదటి సంఖ్య కింద చేర్చాలి. మొదటిది తీసెయ్యడానికి వీల్లేదు, అది రికార్డు ధ్వంసం. చేర్చగానే ముద్ర మారింది. మూడో ఆమోదం. ఒక్కో ఆమోదంతోపాటు దాన్ని సిఫార్సు చేసినవారి, సమ్మతించినవారి, సంతకం చేసినవారి పేర్లు. ఆఫీసంతా ఉత్సాహంగా పరుగులు పెట్టింది. వారంలో ఏడు ఆమోదాలు ఇచ్చామని నోటీసు బోర్డులో పెట్టారు.

నాలుగో విడతలో అమృతవల్లి గారికి ఇంకో అనుమానం వచ్చింది. తన కళ్ళెదుట మరొకసారి బిల్డ్ చెయ్యమన్నారు. ఏమీ మార్చకుండా చేసినా ముద్ర వేరుగా వచ్చింది. బిల్డ్ చేసిన వేళ లోపలికి వెళుతుందనీ, ఈలోగా రెండు నిమిషాలు గడిచాయనీ అతను వివరించాడు. కాలం గడవడానికి అతనే కారణమన్నట్టు ఆవిడ చూశారు. డైరెక్టరు గారు పంచాంగం తెప్పించి, ఇకమీదట ఈ కేంద్రంలో అన్ని బిల్డ్‌లూ గురువారం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకే జరిగినట్టు మేక్‌ఫైలులో రాయించారు. ఆ ముహూర్తానికి వర్జ్యం లేదు.

వంతు రోజుల్లో ఏసుపాదం ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆరో తేదీన చేసినప్పుడు చేలు పొట్ట మీద ఉన్నాయనీ, వెన్ను తీసేముందు తడి తప్పకూడదనీ అన్నాడు. తన ఎకరంన్నర కూడా అక్కడే. చేతిచక్రం తిప్పి తలుపు ఎత్తబోతే రెండు నిమిషాలకి మోటారు కుయ్యిమని లేచి మళ్ళీ దించేస్తోందట. ప్రోగ్రాము అనుమతి లేకుండా తలుపు కదిలితే వెంటనే మూసెయ్యమని అందులో రాసింది కూడా పరాంకుశమే. నీళ్ళు దొంగిలించేవాళ్ళ కోసమని రాశాడు.

"మీ మిషను నా సెయ్యి తోసేత్తందండి," అన్నాడు ఏసుపాదం. పెట్టె తీగలు పీకేద్దామంటే సీలు ఉంది. సీలు తెగితే అవుట్‌సోర్సింగు లస్కరుకి మర్నాడు పని ఉండదు.

పదకొండో తేదీన అతను నీళ్ళ సంగతి ఎత్తలేదు. ఇంకేదో అడిగాడు.

"ఎనకటికి కరెంటొచ్చినప్పుడల్లా తెర మీద మీ పేరు వచ్చేదండి. పరాంకుశం అని. నేను సదివేవోణ్ణి. ఇప్పుడెంతసేపు సూసినా పెద్దోళ్ళ పేర్లే అవ్వట్లేదండి. మీరు ఉన్నారా, మానేసేరా?"

పరాంకుశం ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. గేదెలు, కొంగలు అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక మనిషి చదివాడు. ఇన్ని నెలలూ కరెంటు వచ్చిన ప్రతిసారీ నిలబడి చదివాడు. ఆ మనిషి చేనే ఎండిపోతోంది.

"ఉన్నాను," అన్నాడు.

పదిహేడో ఆమోదం చేర్చి బిల్డ్ నొక్కినప్పుడు కంప్యూటరు నిరాకరించింది. చిప్పులో చోటు చాలలేదు. తలుపు తిప్పే ప్రోగ్రాముకన్నా కూర్పు సమాచారం పెద్దదైపోయింది.

అత్యవసర సమావేశం పెట్టారు. ఏదో ఒకటి తగ్గించాలి. కూర్పు సమాచారంలోంచి తీసెయ్యడానికి వీల్లేదు కాబట్టి, మిగిలినదాన్ని పరిశీలించడం ధర్మమని డైరెక్టరు గారు అన్నారు. మిగిలినవి రెండు ముఖ్యమైన భాగాలు. ఎత్తేది ఒకటి, దించేది ఒకటి. సంవత్సరంగా వచ్చిన ఫిర్యాదులన్నీ తెప్పించి వర్గీకరించారు. సగం తలుపు ఎత్తలేదని. సగం దించలేదని. కూర్పు సమాచారం మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఏ భాగం లోపభూయిష్టంగా ఉందో అంకెలే చెబుతున్నాయి కదా అన్నారు ఒక సభ్యుడు.

పరాంకుశం సమావేశాల్లో మాట్లాడినవాడు కాదు. తన గొంతు ఆ గదిలో ఎలా వినిపిస్తుందో కూడా అతనికి తెలియదు.

"అప్పుడు తూము ఎవరు తెరుస్తారండి?"

డైరెక్టరు గారు అతనివైపు దయగా చూశారు. "పరాంకుశం గారూ, ప్రోగ్రాముకి ప్రథమ కర్తవ్యం తానెవరో చెప్పుకోవడం. తానెవరో తనకే తెలియని ప్రోగ్రాము తూము తెరిస్తే మాత్రం, దాన్ని తెరవడం అంటామా?"

అందరూ తలలూపారు. అది మూర్ఖపు మాట అయితే పరాంకుశానికి కోపం వచ్చేది. కానీ అది తనదే. ఆ ఆదివారం మధ్యాహ్నం వేపుడు పొట్లం విప్పుకుంటూ తను అనుకున్న మాటే, ఇవాళ పెద్ద బల్లకి ఆ చివర, కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని మాట్లాడుతోంది. ఒంటరివాడి గదిలో ఉన్నంతసేపు అది ఎవరికీ హాని చెయ్యలేదు. దానికి ఆఫీసు దొరికింది. అతను తల దించుకున్నాడు.

ఎత్తే భాగం తీసేశారు. దించే భాగం తీసేశారు. ఇప్పుడు ప్రోగ్రాము కరెంటు రాగానే తానెవరో, తన వెనక ఎవరెవరున్నారో చెప్పడం మొదలుపెట్టి, కరెంటు పోయేవరకూ చెబుతూనే ఉంటుంది. అప్పుడు అమృతవల్లి గారికి మంచి ఆలోచన వచ్చింది. వేలిముద్రని ప్రోగ్రాము మొత్తానికి కాకుండా, కూర్పు సమాచారం వదిలేసి, పనిచేసే భాగానికే తీస్తే ఎన్ని సంఖ్యలు చేర్చినా మారదు కదా అన్నారు. తీసి చూశారు. మారలేదు. పనిచేసే భాగం ఏమీ లేదు కాబట్టి శూన్యానికి వేలిముద్ర వచ్చింది. శూన్యం ఎన్నిసార్లు తీసినా అదే ముద్ర ఇస్తుంది. రిజిస్టరులో ముద్రలు రెండూ అక్షరం పొల్లు పోకుండా కలిసిన మొట్టమొదటి రోజు అది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఇదే మాట మార్చి ఒకటిన ఎవరైనా అనుంటే సరిపోయేదని పరాంకుశానికి తోచింది. ఎవరైనా అంటే తనతో సహా. అతని నోటికి అది అందలేదు, అంతే.

పందొమ్మిదో తేదీన కొత్త ప్రోగ్రామును చివరి తూముకి ఎక్కించారు. మర్నాడు కాక మర్నాడు వంతు. పొద్దున్న తొమ్మిదికే ఫోను.

"సారూ, ఈ కొత్త పోగ్రాం బంగారమండి," అన్నాడు ఏసుపాదం. "దాని పేర్లు అది సదువుకుంటంది, నా సక్రం నేను తిప్పుకుంటన్నాను. ఒకళ్ళ జోలికి ఒకళ్ళం ఎల్టంలేదండి. మడి తడిసిందండి. ఎన్ను పైకి సూత్తంది."

పరాంకుశం ఆ పూట రెండు కప్పుల టీ తాగాడు. ముప్ఫై ఎనిమిదో తూములో ఫిర్యాదులు సున్నా అని డైరెక్టరు గారు పైకి నివేదిక పంపారు. అంకె ఒక్కటే పంపితే బావుండదని, ఎలా సాధ్యమైందో కూడా రాయమన్నారు. రాసే పని అమృతవల్లి గారి మీద పడింది. ఆవిడ అబద్ధం రాయలేరు.

తలుపు ఎవరు తిప్పుతున్నారని ఆవిడ అడిగారు. లస్కరు అన్నాడు పరాంకుశం. అనగానే నాలుక కరుచుకున్నాడు.

"అయితే పనిచేసే భాగం అతనే," అన్నారావిడ నెమ్మదిగా. "అతనికి కూర్పు సమాచారం ఉందా?"

రెండు రోజుల్లో ఉత్తర్వు. 'తూమును చలింపజేయు భాగము యంత్రమైనను, మానవుడైనను, తన కూర్పు సమాచారమును సమర్పించి ఆమోదము పొందవలెను. ఆమోదము పొందిన భాగము మాత్రమే తూమును చలింపజేయవలెను.' నమూనా పత్రం జతచేశారు. పట్టుకెళ్ళి నింపించుకుని రావలసింది పరాంకుశం. ఇరవై ఆరో తేదీ, అంటే వంతు రోజునే పంపారు. మన దగ్గర ఫైలు ఆగదు.

అతను కాలవ గట్టు దిగేసరికి పదిన్నర అయింది. ఏసుపాదం అతను ఊహించుకున్నట్టు లేడు. పొట్టిగా, జుట్టంతా నెరిసి, మోకాలి దాకా మడిచిన ప్యాంటుతో ఉన్నాడు. తలుపు ఇంకా మూసే ఉంది. దానికి ఇవతల నీళ్ళు నిండుగా నిలబడ్డాయి. అవతల చేలల్లో వెన్నులు పాలు పోసుకునే అదనులో ఉన్నాయి. ఈ తడి అందితే గింజ, అందకపోతే తాలు. సాయంత్రం నాలుగింటికి పైనుంచి కాలవ కట్టేస్తారు.

పరాంకుశం ముందు పత్రం తీశాడు. ఉత్తర్వు తరవాత చెబుదామనుకున్నాడు. చెడ్డ మాటని చివరికి నెట్టడం అతనికి పాత అలవాటు. కూర్పు తేదీ, స్థలం అని అడిగాడు.

"తేదీ తెల్దండి. ఏటికి పెద్ద వరదొచ్చిన ఏడు. ఏటి మద్దెన లంకలోనేనండి, బడి దాబా మీద పుట్టేనంట."

కూర్చినవారు?

"మా అమ్మ సువార్తమ్మండి. మా నాన్న జకరయ్య."

ఆమోదించినవారు?

"మా నాయనమ్మండి. ఆడపిల్లయితే బాగుణ్ణని మూడ్రోజులు నా మొకం సూళ్ళేదంట. తర్వాత ఒప్పుకుందిలెండి."

గత కూర్పుతో పోలిస్తే మార్పులు?

"ఎడం మోకాలు," అన్నాడు ఏసుపాదం.

పరాంకుశం రాసుకున్నాడు. రాయడం అయిపోయింది. ఇక చెప్పక తప్పలేదు. దీనికి ఆమోదం వచ్చేదాకా చక్రం ముట్టుకోకూడదని చెప్పాడు. ఏసుపాదం చక్రం వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుని, గట్టు మీద కూర్చున్నాడు. అతను కోప్పడలేదు. అది పరాంకుశానికి ఎక్కువ కష్టంగా ఉంది.

"ఎన్నాళ్ళు పడద్దండి?"

"ప్రోగ్రాముకి పదిహేడుసార్లు ఇచ్చారు."

"మనిసికి ఇంకా ఎక్కువేనా?"

"మారుతూ ఉంటాడు కదా," అన్నాడు పరాంకుశం.

కాలవలో ఒక తాటి మట్ట కొట్టుకొచ్చి తలుపుకి తగిలి ఆగింది. ఏసుపాదం దాన్ని కర్రతో పక్కకి లాగాడు. లాగవచ్చా అని పరాంకుశం వైపు చూశాడు. మట్ట తూము కాదు కాబట్టి లాగవచ్చని పరాంకుశం అన్నాడు. ఏసుపాదం ఆ కాగితం ఒకసారి ఇమ్మన్నాడు. కళ్ళకి దూరంగా పెట్టుకుని ఉత్తర్వును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఆమోదం ఉన్నోళ్ళు తిప్పొచ్చని ఉందండి ఇందులో."

"ఉంది."

"మనిసైనా పర్లేదని ఉంది."

"ఉంది."

"ఆ పెట్టెలో మీ పేరు ఉందిగా సారూ, అడుగునెక్కడో. పదిహేడు మాట్లు ఆమోదించేరుగా."

పరాంకుశం ఆ వాదాన్ని అన్ని వైపులనుంచీ చూశాడు. జీవితమంతా చేసిన పని అదే, కాబట్టి త్వరగానే అయింది. ఎక్కడా తప్పు దొరకలేదు. సుదర్శనమూర్తి గారు, తొమ్మిది మంది సభ్యులు, అమృతవల్లి గారు అందరూ కలిసి పదిహేడుసార్లు సంతకం పెట్టిన భాగం ఈ గట్టు మీద ఒకటే ఉంది. అది ఇంతవరకూ బకెట్టుకన్నా బరువైనదేదీ ఎత్తి ఎరగదు.

అతను చొక్కా చేతులు మడిచాడు. చక్రం పట్టుకున్నాడు. అది ఎండకి కాలి ఉంది. కదల్లేదు.

"అట్టా కాదండి. ఎడం సెయ్యి కిందకి. కాలు ఆ రాయికి తన్నిపెట్టండి. నడుంతో తిప్పాలండి, సేత్తో కాదు."

కదిలింది. ఒక చుట్టుకి తలుపు వేలెడు కూడా లేవలేదు. పూర్తిగా లేవడానికి నూట పది చుట్లని ఏసుపాదం చెప్పి, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవైకి అరచేతులు బొబ్బలెక్కాయి. ముప్ఫైకి తలుపు కింద నీళ్ళు బుసకొట్టాయి. పక్కన పెట్టెలో తెర పేర్లు చెప్పుకుంటూ పోతోంది. పరాంకుశం దాని వైపు చూడలేదు. అతనికి ఊపిరి తప్ప ఇంకేమీ గుర్తు లేదు. నలభై దాటాక ఏసుపాదం ఒకసారి లెక్క తప్పి, మళ్ళీ ముప్ఫై అయిదు నుంచి పెట్టాడు. పరాంకుశం అభ్యంతరం చెప్పలేదు.

డెబ్భై దగ్గర గట్టు మీద ఒక మోపెడ్డు ఆగింది. దాని మీద యూరియా బస్తా, బస్తా వెనక తువ్వాలు తలకి చుట్టుకున్న రైతు. ముందు చేల వైపు పరిగెడుతున్న నీళ్ళు చూశాడు. తరవాత చొక్కా ఒంటికి అతుక్కుపోయి, రాయికి కాలు తన్నిపెట్టి, వంగి లేస్తున్న మనిషిని చూశాడు.

"ఎవరు ఏసుపాదం, ఈయన?"

"కొత్త పోగ్రాం," అన్నాడు ఏసుపాదం. "ఇయ్యాలే బిగించేరు."

రైతు మోపెడ్డు ఇంజను ఆపి, కాసేపు పరీక్షగా చూశాడు.

"బానే పంజేత్తందా?"

"నెమ్మదండి. కానీ సెప్తే ఇంటంది."